కుర్చీలో దొరికిన కుక్క

కళింగపేట పురపాలక సంఘం వారి వీధికుక్కల సంరక్షణ కేంద్రం ఊరికి దూరంగానూ, చెత్త దిబ్బకి దగ్గరగానూ ఉండేది. దాని ఇన్‌ఛార్జి డాక్టర్ తవిటినాయుడు. పశువైద్యం పట్టా పుచ్చుకున్నప్పుడు అతను తన చేతి కిందికి ఆవులూ గేదెలూ వస్తాయనుకున్నాడు. ప్రభుత్వం వారు అతన్ని కుక్కలకి డెప్యుటేషన్ మీద పంపించారు. మొదట్లో బాధపడ్డాడు, తరవాత అలవాటుపడ్డాడు, ఆ తరవాత ఎవరికీ చెప్పకుండా ఇష్టపడటం మొదలుపెట్టాడు.

అక్కడ పని సజావుగానే సాగేది. వీధుల్లో పట్టుకొచ్చిన కుక్కలకి రేబిస్ టీకా వేసేవాళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేవాళ్లు. గజ్జి ఉన్నవాటికి మందునీళ్ల స్నానం, దెబ్బలు తగిలినవాటికి కట్టు, అన్నిటికీ రెండు పూటలా పసుపు వేసి ఉడికించిన అన్నంలో కోడికాళ్ల పులుసు. ఆపరేషన్ అయిన గుర్తుగా చెవి కొసన చిన్న గంటు పెట్టి, పుండు మానాక వాటిని తీసుకెళ్లి వాటి వీధిలో వదిలేసేవాళ్లు. మరీ నెమ్మదైనవాటినీ, కుంటివాటినీ, ఎవరైనా ఇంటికి తీసుకెళ్తామని వస్తే, మనిషిని ఎగాదిగా చూసి, కుక్క తోక ఊపిందో లేదో చూసి, ఇచ్చేసేవాళ్లు. కుక్కలు పట్టే పోలయ్య దగ్గర ఒక వలా, ఒక వ్యానూ, కుక్కల్ని బుజ్జగించే ఒక పాటా ఉండేవి. పాట కన్నా వలే బాగా పనిచేసేది.

అంత సజావుగా సాగే పనిని ఎవరూ పట్టించుకోకపోతే ఇంకొన్నాళ్లు సాగేదే. కానీ ఒకరోజు పోలయ్య తొందరలో చేపలబజారు కుక్కని కోర్టువీధిలో దింపేశాడు.

కౌన్సిల్ సమావేశం దద్దరిల్లిపోయింది. "మా వార్డులో ఉన్న కుక్కలు చాలవనా, బయటి కుక్కల్ని తెచ్చి దింపుతున్నారు?" అని కోర్టువీధి కౌన్సిలరు బల్ల గుద్దాడు. "మా కుక్కని మాకు తెచ్చియ్యండి. మా వార్డు ఆస్తి పరాయి వార్డుకి ఎలా తరలిస్తారు?" అని చేపలబజారు కౌన్సిలరు మైకు లాక్కున్నాడు. కుక్క మాత్రం ఆ సాయంత్రానికే తనంతట తాను నడుచుకుంటూ చేపలబజారు చేరుకుంది. ఆ సంగతి మినిట్స్‌లో ఎక్కలేదు.

కమిషనరు విరూపాక్షరావు గారు కొత్తగా వచ్చినవారు. పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగకుండా ఉంటారు. మాట్లాడేటప్పుడు వాక్యం చివరికి చేరేదాకా ఎవరూ కదలకూడదన్నట్టు చెయ్యి అడ్డంగా పెడతారు. ఆయన తవిటినాయుణ్ణి పిలిపించారు.

"డాక్టరు గారూ, పరిపాలన అంటే ఏమిటి?"

తవిటినాయుడు "ప్రజలకి..." అని మొదలుపెట్టాడు.

"కాదు. ఎక్కడ ఉండవలసినది అక్కడ ఉండుట. అంతే. దీపం స్తంభానికి ఉండాలి. నీరు గొట్టంలో ఉండాలి. కుక్క తన స్థానంలో ఉండాలి."

కళింగపేటలో దీపాలు స్తంభాలకి లేవు, నీరు గొట్టాల్లో లేదు. మూడోదాని మీదే ఆయన దృష్టి పడింది. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. పథకం పేరు 'యథాస్థానం'. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఏ శునకము ఏ స్థానమున పట్టుబడినదో, చికిత్సానంతరము సదరు శునకమును సదరు స్థానముననే, ఎట్టి వ్యత్యాసమూ లేకుండ, విడిచిపెట్టవలెను. పట్టినప్పటి ఛాయాచిత్రమును, విడిచినప్పటి ఛాయాచిత్రమును పక్కపక్కన ఉంచి చూచినచో శునకము చెవి గంటు తప్ప అన్యమైన తేడా కానరాదు." ఫొటోలు తీయడానికి పోలయ్యకి ఒక ఫోను ఇచ్చారు. అందులో ఫొటో తీస్తే చాలు, చోటు వివరాలతో సహా అది నేరుగా రాజధానికి వెళ్లిపోతుంది. మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు.

"మరి పెంపకానికి ఇచ్చే కుక్కల సంగతి, సార్?" అని అడిగాడు తవిటినాయుడు.

"పెంపకం అంటే ఏమిటి? స్థానభ్రంశమే కదా? స్థానభ్రంశాన్ని అరికట్టే పథకంలో స్థానభ్రంశానికి స్థానం ఉంటుందా?"

ఉండదని తవిటినాయుడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం అతనికి బాగా వచ్చిన విద్య. ఇంట్లో భార్య దగ్గరా, ఆఫీసులో పైవాళ్ల దగ్గరా, ఆఖరికి మందు తాగనని మొండికేసే కుక్క దగ్గర కూడా అతను ముందు ఒప్పుకుని, తరవాత ఆలోచించేవాడు.

పథకం అమల్లోకి వచ్చింది. మొదట దొరికిన కుక్క పాలకొండ బస్సులో, వెనక సీటు కింద పడుకుని ఉంది. పది రోజులు పోయాక దాన్ని ఎక్కడ వదలాలి? బస్టాండులోనా? ఫొటోలో బస్టాండు లేదు, సీటు ఉంది. పోలయ్య కుక్కని చంకన పెట్టుకుని రెండు గంటలు ఆ బస్సు కోసమే కాచుక్కూర్చున్నాడు. కండక్టరు గొడవపడ్డాడు. ఉత్తర్వు చూపించారు. చివరికి కండక్టరు, "టిక్కెట్టు లేకపోతే మాత్రం చెకింగ్‌లో నా బాధ్యత కాదు" అని పక్కకి తప్పుకున్నాడు. కుక్క పాలకొండ దాకా వెళ్లి, అక్కడ గాలి పీల్చుకుని, అదే బస్సులో తిరిగి వచ్చింది. అది ఇప్పటికీ ఆ రూటులోనే తిరుగుతోందంటారు.

తరవాతది కల్యాణమండపంలో, భోజనాల బంతి చివర దొరికింది. విడిచే నాటికి అక్కడ వేరే వాళ్ల పెళ్లి. ఫొటోలో కుక్క పక్కన విస్తరీ, విస్తట్లో బూరెలూ కనిపిస్తున్నాయి కాబట్టి, పోలయ్య ఆడపెళ్లివారిని బతిమాలి ఒక విస్తరి వేయించాడు. వడ్డించేవాడు కుక్కకి బూరెలు వేసి, అలవాటు కొద్దీ "నెయ్యి?" అని అడిగాడు.

మూడోది మంచినీటి గొట్టం కోసం తవ్విన గోతిలో పడి ఉంటే పైకి తీశారు. దాని కాలు బాగయ్యే లోపల పురపాలక సంఘం చరిత్రలో ఎన్నడూ జరగని పని ఒకటి జరిగింది. గొయ్యి పూడ్చేశారు. ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్లు రోడ్డు మళ్లీ తవ్వి, అదే లోతు గొయ్యి తీసి, కుక్కని నిచ్చెన మీద నించి దింపి ఫొటో తీసుకుని, మళ్లీ నిచ్చెన మీద నించి పైకి తెచ్చారు. కుక్క వెళ్లిపోయింది. గొయ్యి ఉండిపోయింది. పథకంలో కుక్క గురించే రాసి ఉంది గాని గోతి గురించి రాసి లేదు.

అలా అంతా యథాస్థానంగా జరుగుతూండగా ఎండలు ముదిరాయి.

మే నెల మధ్యాహ్నం. కమిషనరు గారు మురుగుకాలవల తనిఖీకి వెళ్లారు. ఆయన తిరిగొచ్చేసరికి గది చల్లగా ఉండాలని అటెండరు ఏసీ వేసి, తలుపు దగ్గరగా వేసి, టీకి వెళ్లాడు. బూడిద రంగు ఆడకుక్క ఒకటి, వెనక కాలు ఈడుస్తూ నడిచేది, ఆ వరండాలో నీడ వెతుక్కుంటోంది. తలుపు సందులోంచి వస్తున్న చల్లగాలి దాని మూతికి తగిలింది. మూతితోనే తలుపు తోసింది. లోపల చలవరాతి నేల ఉంది, సోఫా ఉంది. కానీ గాలి తిన్నగా తగిలేది ఒక్క చోటే. ఎత్తయిన వీపు, మెత్తటి చేతులు, నాలుగు పక్కలకీ తిరిగే చక్రాలు, పైన తెల్ల తువ్వాలు. కుక్క దానిమీదికెక్కి కూర్చుంది.

అటెండరు కేక విని, బిల్లు మీద సంతకం కోసం వచ్చిన పోలయ్య పరుగెత్తుకొచ్చాడు. వల తీయబోయి, ఉత్తర్వు గుర్తొచ్చి, ముందు ఫోను తీశాడు.

ఆ ఫొటో తవిటినాయుడు సాయంత్రం చూశాడు. కుక్క ముందుకాళ్లు రెండూ బల్ల మీద ఉన్నాయి. వెనక తెల్ల తువ్వాలు, ముందు 'కమిషనర్' అన్న ఇత్తడి పలక. నోరు తెరిచి, ఎవరికో ఏదో చెప్పబోతున్నట్టు ఎదరకి చూస్తోంది.

"పోలయ్యా, కిందకి దిగాక తియ్యకపోయావా?" అన్నాడు నీరసంగా.

"దిగిపోనాక అది దొరికిన సోటు కాదు గదా బాబూ!" అన్నాడు పోలయ్య.

ఫొటో అప్పటికే రాజధాని చేరిపోయింది.

కుక్కకి పాత దెబ్బ ఒకటి లోపల చీము పట్టి ఉంది. తవిటినాయుడు కోసి శుభ్రం చేసి కుట్లు వేశాడు. టీకా, ఆపరేషన్, చెవి గంటు అన్నీ అయ్యాయి. కానీ అది తిండి ముట్టలేదు. పులుసన్నం పెట్టినా, గుడ్డు పెట్టినా, పాలు పోసినా మొహం గోడకి తిప్పుకుని పడుకునేది. సెలైన్ ఎక్కించారు. ఇలా ఇంకొన్నాళ్లయితే దక్కదని తవిటినాయుడికి అర్థమైంది. ఆ రాత్రి ఇంట్లో అతనికీ అన్నం సయించలేదు. భార్యకి మాత్రం ఎండదెబ్బ అని చెప్పాడు.

అసిరయ్య వచ్చింది ఆ మర్నాడే. బక్కపల్చటి మనిషి, ఖాకీ చొక్కా, సైకిలు. పోస్టుమేన్‌గా చేసి రిటైరయ్యాడు. పెళ్లాం పోయి ఏడాదైంది.

"ఓ కుక్కని ఇస్తారేటని వచ్చేను బాబూ."

"ఎందుకు తాతా? ఇంటికి కాపలాకా?"

"కాపలాకేటుంది? నా ఇంట్లో ఏటుందని?" అసిరయ్య కాసేపు సైకిలు హేండిలు నిమిరాడు. "ఉజ్జోగం సేసినన్నాళ్లూ ఈ ఊరి కుక్కలన్నీ నన్ను తరుముకొచ్చీవి బాబూ. ఇదిగో ఈ పిక్క సూడండి, ఎన్నిసోట్ల కరిసీసేయో. రిటైరైపోనాక సంచీ నేదు గదా, ఒక్క కుక్కా నాకేసి సూడ్డం నేదు. ఈదిలో ఎల్తంటే తలెత్తి మళ్లీ పడుకుంతాయి. బతికున్నానో సచ్చిపోనానో నాకే తెల్డం నేదు."

తవిటినాయుడు పథకం గురించి చెప్పాడు. పెంపకానికి ఇవ్వకూడదన్నాడు. అసిరయ్య వాదించలేదు. ఒకసారి చూసి పోతానన్నాడు. వరసగా అన్ని గదులూ దాటుకుంటూ వెళ్లి, బూడిద కుక్క ముందు ఆగాడు. అది గోడకేసి తిరిగి ఉంది. జేబులోంచి రొట్టెముక్క తీసి, దానికి పెట్టకుండా, తనే కొరుక్కుంటూ నేలమీద చతికిలబడ్డాడు. కాసేపటికి కుక్క తల తిప్పింది. అతని ఖాకీ చొక్కా చూసి, ఒక్కసారి, గొంతులోంచి, నీరసంగా మొరిగింది.

అసిరయ్య మొహం వెలిగిపోయింది. "సూసేరా! నన్నే!" అన్నాడు. మిగిలిన రొట్టె ఊచల్లోంచి లోపల పెట్టాడు. కుక్క తినేసింది.

ఆ రోజు నించి అతను రోజూ వచ్చేవాడు. అతను పెడితేనే కుక్క తినేది. కట్టు మారుస్తుంటే అతని చెయ్యి నాకేది. దానికి తంతి అని పేరు పెట్టాడు. పాతకాలంలో తంతి, అదే టెలిగ్రాం, వచ్చిందంటే ఇల్లంతా లేచి నిలబడేదట, ఇదీ అంతేనట. తవిటినాయుడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పుండు మానేకొద్దీ అతనికి దిగులు పట్టుకుంది. పుండు మానిన కుక్కని యథాస్థానంలో వదలాలి. దాని స్థానం ఏమిటో ఫొటోలో స్పష్టంగా ఉంది.

ఏ కుక్కనో మరిచిపోవచ్చు గాని, ఆ కుక్కని మరిచిపోనివ్వలేదు. యథాస్థానం పథకం రాష్ట్రస్థాయి పురస్కారానికి పరిశీలనలోకి వచ్చింది. నిర్ధారణకి డిప్యూటీ డైరెక్టర్ మనోరంజని గారు స్వయంగా వచ్చారు. ఆవిడ నవ్వడం ఎవరూ చూడలేదు. కమిషనరు గారి గదిలో కూర్చుని, ఫోనులో ఫొటోలన్నీ తిరగేసి, ఒక చోట ఆగి, "ఈ శునకాన్ని చూపించండి" అన్నారు.

కమిషనరు గారు ఆ ఫొటో అప్పుడే మొదటిసారి చూశారు. ఏసీ ఒక్కటే మాట్లాడింది.

"ఇది... ఇంకా చికిత్సలో ఉంది కదా, డాక్టరు గారూ?" అన్నారాయన, ఒప్పుకోమన్నట్టు చూస్తూ.

జీవితంలో మొదటిసారి తవిటినాయుడు ఒప్పుకుందామనుకున్నా కుదరలేదు. చికిత్స ముగిసిందని ముందురోజే అతను పోలయ్య ఫోనులో నమోదు చేశాడు. అదీ రాజధానికి వెళ్లిపోయింది. "పోనీ మేడమ్, ఆ కుక్కని పెంచుకుంటానని ఒకాయన..." అని గొణిగాడు.

"పథకంలో మినహాయింపు ఉందా?" అన్నారు మనోరంజని గారు.

కమిషనరు గారు నిటారుగా అయ్యారు. "లేదు మేడమ్. ఈ నిబంధన నా నోటివెంట వచ్చినది. ఒకసారి నోటివెంట వచ్చినదాన్ని మళ్లీ నోట్లోకి తీసుకొనుట పారిశుద్ధ్య నియమాలకు విరుద్ధం." ఆయన లేచి, తువ్వాలు సర్ది, కుర్చీ ఖాళీ చేశారు.

తంతిని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ పాత ఫొటో పక్కన పెట్టి పోల్చి చూశారు. "పట్టినప్పుడు నోరు తెరిచి ఉంది. ఇప్పుడు మూసి ఉంది." కమిషనరు గారు నోరు తెరిచి కుక్కకి చూపించారు. కుక్క తెరవలేదు. అసిరయ్యని పిలిపించారు. అతను గుమ్మంలోకి రాగానే తంతి నోరు తెరిచి, బల్ల మీద కాళ్లు పెట్టి, తోకతో తువ్వాలు కిందపడేలా కొట్టింది. తువ్వాలు సర్ది ఫొటో తీశారు.

"బాగుంది," అన్నారు మనోరంజని గారు. "అయితే విడవడం వేరు, నిలవడం వేరు. తుది నిర్ణయం వెలువడే వరకు శునకం స్థానంలో నిలకడగా ఉన్నట్టు ప్రతిరోజూ ఛాయాచిత్రం రావాలి. కార్యాలయ వేళల్లో."

అలా మొదలైంది. రాత్రి సంరక్షణ కేంద్రంలో పడుకుని, ఉదయం పోలయ్య వ్యానులో కుక్క వచ్చి కుర్చీలో కూర్చునేది. అసిరయ్య లేకపోతే అది దిగిపోయేది కనుక అతన్ని 'గౌరవ స్థాన సహాయకుడు'గా నియమించి పక్కన చాపేశారు. కమిషనరు గారు అటెండరు స్టూలు మీదికి మారారు. అటెండరు గుమ్మం బయట అర్జీదారుల బల్ల మీదికి మారాడు. అర్జీదారులు మెట్ల మీదికి మారారు. వాళ్లకి పెద్ద తేడా తెలియలేదు.

లోపలికి వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ కుర్చీకే నమస్కారం పెట్టేవాళ్లు. పెట్టాక చూసుకునేవాళ్లు. పెట్టినది వెనక్కి తీసుకోవడం మర్యాద కాదు గనక అలాగే నిలబడేవాళ్లు. ఇంజనీరు గోతుల ఫైలు పట్టుకొచ్చి, వంగి, కుర్చీ ముందు పెట్టి, వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. స్టూలు మీదున్న కమిషనరు గారు చెయ్యి చాచి ఆ ఫైలు అందుకున్నారు. ఓరోజు ఎండకి సోలి వచ్చిన ముసలమ్మ ఒకామె ఆయన భుజం తట్టి, "బాబూ, సల్లగా ఓ గళాసుడు మంచినీల్లియ్యి. అయ్యగోరు ఖాళీ అయ్యేక సెప్పు," అంది. ఆయన లేచి వెళ్లి నీళ్లు తెచ్చారు. కొళాయిలో నీళ్లు లేవని ఆయనకి ఆ రోజే తెలిసింది. ఎదర కొట్లో సీసా కొని తెచ్చి ఇచ్చారు.

తవిటినాయుడు రోజూ వచ్చి తంతిని చూసి వెళ్లేవాడు. మూడో రోజుకే అతనికి కుక్క వాలకం నచ్చలేదు. వీధిలో పుట్టి వీధిలో పెరిగిన ప్రాణం. మొదటిరోజు హాయినిచ్చిన చల్లగాలి రోజంతా తగిలేసరికి వణుకుతోంది. కుట్ల చోటు ఎర్రబడింది. ముక్కు కారుతోంది. అసిరయ్య తెల్ల తువ్వాలు తీసి దానికి చుట్టబెట్టి, కాళ్లు తన అరచేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంటికి పట్టుకుపోతాను బాబూ," అన్నాడు మెల్లగా. "నా మంచం కింద ఎచ్చగా పడుకుంతాది. ఇలగ కూకోబెట్టీసి సంపీసేలాగున్నారు దీన్ని."

ఏసీ తగ్గిద్దామా అంటే, పట్టిననాటి గది ఉష్ణోగ్రత కూడా ఫొటోతో పాటు నమోదయి ఉంది. తవిటినాయుడు కుక్క ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాడు. లోపల గరగర. న్యుమోనియాలోకి దిగితే ఈ కుక్క లేవదు. అతనికి మొదట భయం వేసింది, తరవాత తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంతో స్టూలు దగ్గరికి వెళ్లాడు. మాట మాత్రం ఎప్పటిలాగే మెత్తగానే వచ్చింది.

"సార్, ఒక సందేహం. పాలకొండ బస్సులో పట్టిన కుక్కని బస్సులో వదిలాం కదండీ. వదిలిననాడు బస్సు, పట్టిననాడు ఉన్న చోటే ఉందా లేదా అని మనం చూడలేదు."

"చూడనవసరం లేదు. వాహనంలో దొరికిన శునకానికి వాహనమే స్థానం. వీధి కాదు."

"అంటే బస్సు ఎక్కడికి వెళ్తే స్థానం అక్కడికి వెళ్లినట్టే కదా సార్?"

కమిషనరు గారు చెయ్యి అడ్డంగా పెట్టి, వాక్యమేదీ లేకుండానే చాలాసేపు అలా ఉండిపోయారు. మూడు రోజులుగా స్టూలు మీద కూర్చుని ఆయన నడుం పట్టేసింది. ఆయన చూపు మెల్లగా తన కుర్చీ మీదికీ, అక్కణ్ణించి కిందికీ దిగింది.

"దానికి చక్రాలు ఉన్నాయి," అన్నారు.

"ఉన్నాయి సార్."

"నేను ఆ మాటే చెప్పబోతున్నాను డాక్టరు గారూ. మీరు అడ్డొచ్చారు."

"క్షమించండి సార్."

ఆ మధ్యాహ్నమే వివరణ ఉత్తర్వు వచ్చింది. "యథాస్థానము అను పదమునకు వివరణ: సదరు శునకము కుర్చీయందు పట్టుబడినందున కుర్చీయే దాని స్థానము, గది కాదు. చక్రములు గల స్థానము ఎచ్చటనున్నను స్థానమే." తవిటినాయుడు కమిషనరు సంతకం తడి ఆరకుండానే పోలయ్యకి కబురు పెట్టాడు. కుక్కల వ్యాను మెట్ల దగ్గరికి తెచ్చి, నలుగురు పట్టి కుర్చీని ఎక్కించారు. కుర్చీలో తంతి, తంతిని పట్టుకుని అసిరయ్య. పోలయ్య తన పాట అందుకున్నాడు. మెట్ల మీది అర్జీదారులు, కమిషనరు గారికి బదిలీ అయిందనుకుని, లేచి నిలబడ్డారు.

అసిరయ్య ఉండేది సాలివీధి చివర పెంకుటింట్లో. వ్యాను ఆగి, కుర్చీ దిగేసరికి ఆ వీధి కుక్కలన్నీ పొలోమని వచ్చి పడ్డాయి. కొత్త కుక్కని పక్కన పెట్టుకున్నందుకు అసిరయ్యని చుట్టుముట్టి మొరిగాయి. ఒకటి అతని పంచె కూడా లాగింది. అతను నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, "ఆగండ్రా, ఆగండ్రా, అందరికీ ఉత్తరాలున్నాయి!" అంటూ తంతిని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాడు. తంతి మంచం కింద దూరి, వారం పాటు తవిటినాయుడు ఇచ్చిన మందులు మింగి, కోలుకుంది. కుర్చీని అరుగు మీద పెట్టారు. పోలయ్య ఫొటోకి వచ్చే వేళకి తంతి కుర్చీ ఎక్కి, నోరు తెరిచి, దిగిపోయేది.

పురస్కారం వచ్చింది. కమిషనరు గారు రాజధాని వెళ్లి శాలువా కప్పించుకుని వచ్చారు. వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. కొత్త కుర్చీ కోసం ఆయన పంపిన ప్రతిపాదన తిరిగొచ్చింది. "కమిషనరు హోదాకు కుర్చీ ఒకటి. సదరు కుర్చీ వినియోగంలో ఉన్నట్లు ప్రతిరోజూ ఛాయాచిత్రాలు అందుచున్నవి. రెండవదానికి అవకాశం లేదు." ఆయన దాని మీద ఏమీ రాయలేదు. నడుముకి బెల్టు కట్టుకున్నారు.

సాలివీధి వాళ్లకి మాత్రం ఒక సంగతి అర్థమైంది. ఊళ్లో కమిషనరు కుర్చీ తమ వీధికి వచ్చింది. వీధి దీపం గురించీ, మురుగు గురించీ, కొళాయి గురించీ అర్జీలు రాసి తెచ్చి కుర్చీలో పెట్టి వెళ్లేవాళ్లు. జీవితమంతా ఎవరి కాగితం వాళ్లకి అందజేసిన అసిరయ్యకి అవి అక్కడ పడుండటం నచ్చలేదు. పొద్దున్నే సంచీలో వేసుకుని, సైకిలు తీసి బయల్దేరేవాడు. పక్కన తంతి కుంటుకుంటూ పరిగెత్తేది. అర్జీ ఏ సెక్షనుదో ఆ సెక్షను గుమాస్తా చేతికిచ్చి, అతను సంతకం పెట్టేదాకా అక్కడే నిలబడేవాడు. పక్కనే తంతీ నిలబడేది. ఒకసారి గుమాస్తా రేపు రమ్మన్నాడు. తంతి అతని పిక్కకేసి చూసింది. సంతకం పెట్టేశాడు. రెండు దీపాలు వెలిగాయి. గొయ్యి పూడ్చారు.

వానలు మొదలయ్యే ముందు ఒక పగలు, చెప్పా పెట్టకుండా మనోరంజని గారి జీపు సాలివీధిలో ఆగింది. పురస్కారం పొందిన పథకాలకి ఆకస్మిక తనిఖీ ఉంటుందట. కబురు తెలిసి తవిటినాయుడు మోటారుసైకిలు మీద ఎగురుకుంటూ వచ్చాడు. అరుగు మీద కుర్చీ ఉంది. కుర్చీలో ఎవరూ లేరు. తంతీ అసిరయ్యా అర్జీలు పట్టుకుని వెళ్లి ఇంకా తిరిగి రాలేదు.

ఆవిడ ఖాళీ కుర్చీకేసి చూశారు. తవిటినాయుడికేసి చూశారు.

"శునకం స్థానంలో లేదు."

తవిటినాయుడు మోటారుసైకిలుకి స్టాండు వేశాడు. ఉద్యోగం పోతుంది, అది సరే, కుక్కని మళ్లీ ఆ చలిగదికి తీసుకుపొమ్మంటారేమో. ఏదో ఒకటి చెప్పాలి. ఇరవయ్యేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన నోరు గనక, అతను ఆలోచించక ముందే అది మాట్లాడేసింది.

"క్యాంపులో ఉందండి."

మనోరంజని గారు కళ్లజోడు తీశారు. "క్యాంపా?"

"అవునండి. పొద్దున్నే బయల్దేరింది."

"ఎప్పుడు వస్తుంది?"

"ప్రోగ్రాం ఇంకా ఖరారు కాలేదండి."

ఆవిడ మొహంలో బిగువు మెల్లగా సడలింది. ఎంతో పరిచయమైన చోటికి వచ్చినట్టు తల ఊపారు. తన పుస్తకం తీసి, 'స్థానము సక్రమముగా ఉన్నది. క్యాంపు కారణమున శునకము హాజరు లేదు. సంతృప్తికరము' అని రాసుకున్నారు.

ఎండ మండిపోతోంది. డ్రైవరు నీళ్లు పోయడానికి జీపు తీసుకెళ్లాడు. ఆవిడ చెమట తుడుచుకుని, కుర్చీ చెయ్యి మీద చెయ్యి వేసి, కూర్చోబోయి ఆగారు.

"ఇన్‌ఛార్జి బాధ్యతలు ఎవరికైనా అప్పగించి వెళ్లిందా?"

"లేదండి."

"అయితే కూర్చోకూడదు," అన్నారు ఆవిడ.

తవిటినాయుడు లోపల్నించి పీట తెచ్చి వేశాడు. డిప్యూటీ డైరెక్టరు గారు ఆ ఖాళీ కుర్చీ పక్కన, అరుగు మీద, పీట మీద కూర్చుని జీపు వచ్చేదాకా ఎదురుచూశారు.